ఆ పిల్లలకు తోడుండే వృత్తుల గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

పరీక్షా ఫలితాలు వెలువడే రోజుల్లో మీరు ప్రచురించే కెరీర్ కథనాలను శ్రద్ధగా చదువుతాను. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ వంటి ఎదుగుదల లోపాలున్న పిల్లలతో పనిచేసే వృత్తుల ప్రస్తావన వాటిలో అరుదు. ఒకవేళ ఉన్నా, అదొక పుణ్యకార్యమన్నట్టు రెండు మాటలతో ముగిసిపోతోంది. పదకొండేళ్లుగా ప్రత్యేక ఉపాధ్యాయినిగా ఉన్న నాకు, ఇది పుణ్యం కన్నా ముందు ఓపికగా నేర్చుకోవలసిన విద్య అని చెప్పాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

చొక్కా గుండీ పెట్టుకోవడం రాని పిల్లవాడికి ఆ పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, చాలాసార్లు చివరి మెట్టు నుంచి నేర్పుతాం. గుండీని కాజాలోకి సగం దూర్చి, ఇవతలికి లాగడం మాత్రం వాడికి వదిలేస్తాం. పని పూర్తిచేసింది తానేనన్న సంతోషం వాడికి మొదట్లోనే దక్కుతుంది. అది కుదిరాక ఒక్కో మెట్టే వెనక్కి వెళతాం. నా దగ్గరకు వచ్చిన ఒక బాబుకు ఇందుకు ఏడు వారాలు పట్టింది. ఏ రోజు ఎంత సాయం చేయవలసి వచ్చిందో రాసి పెట్టుకోకపోయి ఉంటే, వాడు ముందుకు వెళుతున్నాడో లేదో నాకే తెలిసేది కాదు. జాలితో మాత్రమే వచ్చినవారు ఆ గుండీ తామే పెట్టేస్తారు.

ఈ రంగంలోకి దారులు చాలా ఉన్నాయి. మాట, సంభాషణ, ఆహారం మింగడంలో ఇబ్బందులను స్పీచ్ థెరపిస్టులు చూస్తే, చేతి పనులనూ రోజువారీ అలవాట్లనూ ఆక్యుపేషనల్ థెరపిస్టులు, కదలికలను ఫిజియోథెరపిస్టులు చూస్తారు. చదువు మా వంతు. ఇవన్నీ వేర్వేరు కోర్సులన్న సంగతి కూడా తెలియకుండా చేరి, మధ్యలో మానేసినవారిని నేనెరుగుదును. అందుకే కోర్సు ఎంచుకునే ముందు, అనుమతి తీసుకుని కొన్నాళ్లు ఒక తరగతిలో కూర్చోమని, సలహా అడిగినవారందరికీ చెబుతాను. మాటలు రాని పాప బొమ్మ కార్డు అందించి నీళ్లు అడగడాన్ని దగ్గరగా చూసినవారికి, ఇది తమకు తగిన పనో కాదో పుస్తకాల కన్నా ముందే అర్థమవుతుంది.

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, 24వ అధికరణంలో, ఈ పిల్లల చదువు కోసం ఉపాధ్యాయులకూ సిబ్బందికీ శిక్షణ ఇవ్వాలని స్పష్టంగా చెప్పింది. శిక్షణ పొందడానికి యువత ముందుకు రాకపోతే ఆ హక్కు కాగితం దాటి తరగతి గదిలోకి రాదు.

ఈ పనిలో అలసట ఉంటుంది, చేసే పనికి తగిన జీతం దొరకని చోట్లూ ఉంటాయి. వాటినీ దాచకుండా, థెరపిస్టులతోనూ తల్లిదండ్రులతోనూ మాట్లాడి, ఈ వృత్తులపై మీ కెరీర్ పుటలో వరుస కథనాలు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రత్యేక ఉపాధ్యాయిని