మేడమ్, మా రీఛార్జిలో మీ వాటా 45 రూపాయల 61 పైసలు

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

విశాఖపట్నం పెద వాల్తేరు నుంచి నమస్కారాలు.

ఇంటర్నెట్ వాడకం మీద పన్ను వేస్తారట కదా అని ఈ మధ్య నా షాపుకొచ్చేవాళ్ళు అడుగుతున్నారు. నాది చిన్న నెట్ సెంటర్. జిరాక్సులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, రీఛార్జులు. కొత్త పన్ను సంగతి నాకు తెలీదు గానీ పాతది తెలుసు అని చెప్పి, కాలిక్యులేటర్ వాళ్ళ వైపు తిప్పి చూపిస్తున్నాను. 299 రూపాయల రీఛార్జిలో కంపెనీకి చేరేది 253 రూపాయల 39 పైసలు. మిగతా 45 రూపాయల 61 పైసలు జీఎస్టీ. చూసినవాళ్ళు ముందు నమ్మరు. తర్వాత "ఇన్నేళ్ళూ కడుతున్నామా?" అంటారు. అవును, కడుతున్నాం. 2017 జూలై 1 నుంచి 18 శాతం కడుతూనే ఉన్నాం. దానికి ముందు సర్వీస్ టాక్స్ కట్టాం.

కంపెనీలకు నెలంటే 28 రోజులు. అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు. ఒక్క సిమ్ మీద ఏడాదికి మీకు చేరేది సుమారు 593 రూపాయలు. భార్యాభర్తలు, కాలేజీకెళ్ళే ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో నాలుగు సిమ్ములు. 2,370 రూపాయలు పైమాటే. ఇంటికి వైఫై పెట్టించుకుంటే అది వేరే లెక్క. బోర్డు మీద 499 అని ఉంటుంది, బిల్లు 589 వస్తుంది. పోనీ నెట్ వద్దు, మాటలకే చాలు అనుకునే ముసలివాళ్ళు కేవలం కాల్స్ ఉన్న ప్యాక్ వేయించుకుంటే దానికీ 18 శాతమే. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ ఒకదాని వెంట ఒకటి రేట్లు పెంచినప్పుడు ప్రభుత్వం ఏ బిల్లూ పెట్టకుండా, ఏ ప్రకటనా చేయకుండా మీ వాటా కూడా పెరిగింది. శాతం లెక్కలో ఉన్న సుఖం అది.

మా షాపుకి కాస్త దిగువన పెద జాలరిపేట. అక్కడి నుంచి ఒకావిడ వస్తుంది, చేపలమ్ముకునే మనిషి. తట్టకి క్యూఆర్ కోడ్ అట్టని తాడుతో కట్టుకుని తిరుగుతుంది. దాని ప్లాస్టిక్ కవరు మీద ఎప్పుడు చూసినా రెండు మూడు పొలుసులు అంటుకుని ఉంటాయి. చేతిలో నోట్లు లేవని కొనేవాళ్ళు వెళ్ళిపోతున్నారని కొడుకు ఆ అట్ట తెచ్చిచ్చాడు. డబ్బు పడిందో లేదో చూసుకోవాలంటే ఆవిడ ఫోన్లో నెట్ ఉండాలి. లేకపోతే ఎవరో స్క్రీన్ చూపించి "పంపేశాను" అంటే నమ్మి చేప కోసి ఇవ్వాలి. అలా ఒకట్రెండు సార్లు మోసపోయింది కూడా. పోయినసారి రీఛార్జికి వచ్చి, "మొన్నే గదా ఏయించినాను, అప్పుడే అయిపోనాదేటి బాబూ?" అంది. 28 రోజులే పిన్నీ అన్నాను. "నెలంటే ముప్పై రోజులు కాదేటి?" అంది. నేనేం చెప్పను? అందులో 45 రూపాయలు ఢిల్లీకీ అమరావతికీ పోతాయని ఆ పూట చెప్పబుద్ధి కాలేదు.

ఆవిడ పెనిమిటి బోటు మీద కలాసీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. ఆ 61 రోజులూ ఇంటికొచ్చే రాబడి ఉండదు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 20 వేల భృతి కోసం చూస్తారు. ఆ భృతికి పేరు ఉందో లేదో తెలుసుకోవాలన్నా, ఆధార్ ఓటీపీ రావాలన్నా, బ్యాంకులో పడిందన్న మెసేజ్ రావాలన్నా సిమ్ బతికుండాలి. అందుకని వేట లేని రోజుల్లో కూడా రీఛార్జి వేయిస్తారు. కొందరు అప్పు పెట్టి వేయిస్తారు. నా పుస్తకంలో మే నెల పేజీలు చూస్తే మీకే తెలుస్తుంది. బోటు ఆగుతుంది, వల ఆగుతుంది, డీజిల్ ఆగుతుంది, మీ 18 శాతం మాత్రం ఆగదు.

నెట్ అనేది సరదా కాదా, సినిమాలు చూసుకునేవాళ్ళు కట్టరా అని మీ శాఖలో ఎవరైనా అనొచ్చు. చూస్తారు మేడమ్, మేమూ చూస్తాం, రీల్స్ కూడా చూస్తాం. కానీ నా షాపులో కూర్చుని ఒక్కరోజు చూడండి, జనం నెట్ వాడేది సగానికి సగం ప్రభుత్వాలు అప్పజెప్పిన పనుల కోసమే. రేషన్ కార్డుకి ఈకేవైసీ. పీఎం కిసాన్‌కి ఈకేవైసీ. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు అప్లికేషన్ నుంచి హాల్ టికెట్ దాకా అన్నీ ఆన్‌లైనే. 2025 జనవరి 30న మా రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలతో వాట్సాప్‌లోకే వచ్చేసింది. మంచిదే, ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది. కానీ అంతకుముందు గుమాస్తా కాగితం మీద చేసే పని ఇప్పుడు మా ఫోన్లో, మా డేటాతో, మా వేలితో జరుగుతోంది. ప్రభుత్వానికి ఖర్చు తగ్గింది, ఆ ఖర్చు మాకు మారింది, మారిన ఖర్చు మీద మళ్ళీ పన్ను. చివరికి జీఎస్టీ రిటర్ను వేయాలన్నా నెట్ కావాలి. పన్ను కట్టడానికి కూడా పన్ను కట్టే దేశం మనదే అనుకుంటా.

పెద్ద కంపెనీలకు ఈ బాధ లేదు. వాళ్ళు నెట్ బిల్లు మీద కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకుని, సర్దుకుంటారు. ఆటో యాప్ మీద బతికే మా మద్దిలపాలెం కుర్రాడికి, చేపల తట్ట పిన్నికి, కాంపోజిషన్‌లో, అంటే అమ్మకాల మీద కొద్ది శాతం జీఎస్టీ కట్టే పద్ధతిలో ఉన్న కిరాణా కొట్టు వాళ్ళకి ఆ క్రెడిట్ రాదు. ఆఖర్న ఉన్నవాడి నెత్తినే మొత్తం.

2025 సెప్టెంబర్ 17న మీరు మా ఊరే వచ్చారు. కొత్త జీఎస్టీతో జనం చేతిలో 2 లక్షల కోట్లు మిగులుతాయని ఇక్కడే చెప్పారు. ఆశపడ్డాం మేడమ్. 22వ తేదీ నుంచి అమల్లోకి రాగానే మా వీధిలో అందరూ లిస్టు చూసుకున్నారు. సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు తగ్గాయి. పిల్లల నోటు పుస్తకాలు, పెన్సిళ్ళ మీద పన్ను తీసేశారు. సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమా, జీవిత బీమా మీద కూడా తీసేశారు. అందుకు నిజంగా థాంక్స్, వ్యంగ్యం కాదు. ఏసీ మీద 28 నుంచి 18 చేశారు, చిన్న కార్ల మీద 28 నుంచి 18 చేశారు. రీఛార్జి కోసం లిస్టంతా వెతికాను. అది 18 దగ్గరే ఉంది. అంటే ఇప్పుడు ఎంవీపీ కాలనీలో ఏసీ కొనేవాళ్ళకీ, జాలరిపేటలో రీఛార్జి వేయించుకునేవాళ్ళకీ ఒకటే రేటు. బంగారం మీద ఎంతో మీకు తెలుసు, 3 శాతం. పిల్లాడి నోటు పుస్తకం మీద సున్నా, ఆ పుస్తకంలో లెక్క అర్థం కాక వాడు ఫోన్లో పాఠం చూస్తే 18.

1994లో టెలిఫోన్ మీద మొదటిసారి సర్వీస్ టాక్స్ వేసినప్పుడు 5 శాతం. అప్పట్లో ఫోన్ ఉన్న ఇల్లంటే ఉన్నవాళ్ళ ఇల్లు, వీధంతా వాళ్ళింటికే వెళ్ళి మాట్లాడేది. ఉన్నవాళ్ళు వాడినప్పుడు 5, లేనివాళ్ళు కూడా వాడక తప్పనప్పుడు 18. ఈ లెక్క ఎవరు వేశారో గానీ మాకు ఎంతకీ తల కెక్కడం లేదు.

ఇంకొకటి అడగాలి, కోపం వస్తే క్షమించండి. విదేశీ కంపెనీల ఆన్‌లైన్ ప్రకటనల మీద ఉన్న 6 శాతం లెవీని, అందరూ గూగుల్ టాక్స్ అని పిలిచేదాన్ని, 2025 ఏప్రిల్ 1 నుంచి ఎత్తేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో మా విశాఖకు గూగుల్ డేటా సెంటర్ వస్తుందని ఢిల్లీలో ఒప్పందం జరిగితే మీరూ ఆ వేదిక మీద ఉన్నారు. 1,500 కోట్ల డాలర్లు అన్నారు, సముద్రం కింద నుంచి కేబుళ్ళు మా ఒడ్డుకే వస్తాయన్నారు. రావాలి మేడమ్, ఆ సెంటర్ పెట్టే మా తర్లువాడకి రావాలి, మా పిల్లలకు ఉద్యోగాలు రావాలి. మాకేం ఏడుపు లేదు. తర్వాత 2026 బడ్జెట్‌లో, ఇక్కడి డేటా సెంటర్లను వాడుకుని ప్రపంచానికి క్లౌడ్ సేవలు అమ్మే విదేశీ కంపెనీలకు 2047 దాకా పన్ను లేదన్నారు. 2047! అప్పటికి నా కొడుకు కూడా రిటైర్మెంట్ గురించి ఆలోచిస్తుంటాడు. డేటా దాచేవాళ్ళకు 21 ఏళ్ళ మినహాయింపు దొరికింది. డేటా వాడేవాళ్ళకు 21 పైసలు కూడా తగ్గలేదు.

మా వాళ్ళు ఎందుకు గొడవ చేయడం లేదని మీరు అనుకుంటూ ఉండొచ్చు. 2014 అక్టోబర్‌లో హంగరీ ప్రభుత్వం జీబీ డేటాకి 150 ఫోరింట్ల (అక్కడి డబ్బు) పన్ను వేస్తామంటే బుడాపెస్ట్‌లో జనం వీధుల్లోకి వచ్చి, వెలుగుతున్న ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. నెల తిరక్కుండానే ప్రధాని ఓర్బాన్ వెనక్కి తగ్గారు. 2019లో లెబనాన్‌లో వాట్సాప్ కాల్స్ మీద వేస్తామంటే ఆ ప్రతిపాదన ఒక్కరోజు కూడా నిలవలేదు. అక్కడ పన్నుకి ఒక పేరు పెట్టారు, విడిగా కనపడింది, అందుకని జనం లేచారు. ఇక్కడ 299 లోపలే కలిపేస్తే ఎవరికి కనపడుతుంది? రీఛార్జి అయ్యాక వచ్చే మెసేజ్‌లో కూడా పన్ను ఎంతో రాయరు. ఇంకో సంగతి, ఆ హంగరీయే తర్వాత ఇంటర్నెట్ మీద ఉన్న 27 శాతం వ్యాట్‌ని 2017లో 18కి, 2018లో 5కి దించింది. జనం తిట్టిపోసిన ప్రభుత్వమే ఆ పని చేసింది. మిమ్మల్ని మేం అంత తిట్టలేదు కూడా.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగాం. మా వీధివాళ్ళందరం సంతకాలు పెట్టి ఇక్కడ ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చాం. తీసుకున్నాయన చదివి, "ఇది రేట్లు తేల్చే జీఎస్టీ కౌన్సిల్ చూడాలమ్మా, మా చేతిలో ఏముంది" అని ముద్ర కొట్టి ఇచ్చాడు. ఆన్‌లైన్‌లో పెట్టాం. పరిశీలించామని చెప్పి మూసేశారు. ఏం పరిశీలించారో రాయలేదు. స్థానిక నాయకుల్ని అడిగితే కేంద్రం అంటారు, కేంద్రాన్ని అడిగితే కౌన్సిల్ అంటారు. ఆ కౌన్సిల్‌కి అధ్యక్షులు మీరే కదా మేడమ్. ఓట్లలో మూడో వంతు బరువు కేంద్రానిదే కదా. 18లో 9 రాష్ట్రానికి పోతుంది కాబట్టి మా రాష్ట్ర ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ గారు కూడా ఈ ఉత్తరం చదవాలి. ఇద్దరూ ఒకరినొకరు చూపించుకుంటే మేం ఎటు చూడాలి?

నరసాపురం కోడలని, మా రాష్ట్రం నుంచే రాజ్యసభకు వెళ్ళారని మీ గురించి మా వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఆ చనువుతోనే అడుగుతున్నాం. రీఛార్జిల మీద, ఇంటి నెట్ మీద 18ని 5 చేయండి. అన్నిటికీ కుదరదంటే 300 లోపు ప్యాకులకైనా చేయండి. అదీ కుదరదంటే కనీసం పన్ను ఎంతో మెసేజ్‌లో విడిగా రాయమని కంపెనీలకు చెప్పండి, కట్టేదేదో తెలిసి కడతాం. కొత్తగా ఇంటర్నెట్ పన్ను అన్న మాట ఎవరైనా మీ దగ్గరకు తెస్తే, దయచేసి పాతది చూపించి వెనక్కి పంపండి. 5 చేయండి మేడమ్. చేస్తారనే అనుకుంటున్నాం, పోయినసారీ అలాగే అనుకున్నాం.

ఈ ఉత్తరానికైనా జవాబు ఇప్పించండి. వాట్సాప్‌లో పంపినా చాలు. డేటా ఖర్చు మేమే పెట్టుకుంటాం, పన్నుతో సహా.

ఇట్లు,
నెట్ సెంటర్ నడుపుకుంటున్న ఒక విశాఖ పౌరుడు,
పెద వాల్తేరు, విశాఖపట్నం