పెద్ద ఆర్డర్లలో ఇకపై ఏది చేతిపని, ఏది ప్రెస్సు పని

అందరికీ నమస్కారం.

మేం చేత్తో చేసి అమ్మే ఉబ్బెత్తు అక్షరాల కార్డుల గురించి ఈమధ్య మాకు వచ్చే మెసేజ్‌లలో రెండు ప్రశ్నలు పదే పదే కనిపిస్తున్నాయి. "ఇన్నేసి కార్డులకి నిజంగా మీరే చేత్తో స్టాంపు వేస్తారా?" అనేది ఒకటి. "ఒకే డిజైన్ కదా, ఒక్కో కార్డులో మెరుపు ఒక్కోలా ఉందేమిటి?" అనేది రెండోది. అడిగినవాళ్లకి అడిగినప్పుడల్లా జవాబు చెబుతూ వచ్చాను. ఇప్పుడు పని పద్ధతే కొంత మారుస్తున్నాం కాబట్టి అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నాను.

మార్పు ఇదీ. ఒకే డిజైన్‌లో 50 కార్డుల దాకా అయితే ఇప్పటిలాగే స్టాంపు వేయడం, వేడికి కరిగి అక్షరాన్ని ఉబ్బెత్తుగా నిలబెట్టే ఎంబాసింగ్ పౌడర్ చల్లడం, హీట్ గన్‌తో కరిగించడం, అంతా మా బల్ల మీదే జరుగుతుంది. 50 దాటితే ఉబ్బెత్తు అక్షరాలు ప్రెస్సులో వేయిస్తాం. అలా వేయించిన ప్రతి కార్డు వెనకా "అక్షరాలు ప్రెస్సులో, రంగులు చేత్తో" అని చిన్నగా ఉంటుంది. ఆ మాట తీసేయమని అడిగినా తీయం.

ఎందుకో అర్థం కావాలంటే బల్ల మీద పని ఎలా సాగుతుందో కాస్త చెప్పాలి. మేం వాడేది చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే దళసరి కాగితం, అంటే 300 జీఎస్‌ఎం కార్డ్‌స్టాక్. ఏ5 షీటుని సగానికి మడిస్తే ఏ6 కార్డు వస్తుంది. స్టాంపు వేయక ముందు, టాల్కం లాంటి మెత్తటి పొడి నింపిన చిన్న గుడ్డ సంచితో కాగితం మీద ఒకసారి అద్దుతాం. వేళ్ల జిడ్డు, గాలిలోని తేమ, కాగితంలోని స్టాటిక్ కరెంటు, ఈ మూడూ ఎంబాసింగ్ పౌడర్‌ని అక్కర్లేని చోట కూడా పట్టి ఉంచుతాయి. ఈ పని ఎగ్గొడితే అక్షరం చుట్టూ బంగారు చుక్కలు మిగిలిపోతాయి. వేడి తగిలాక అవి ఇక ఊడిరావు.

ఎంబాసింగ్ ఇంకుకి సాధారణంగా రంగుండదు. కాస్త జిగటగా ఉండి మెల్లగా ఆరుతుంది. మామూలు డై ఇంకు చప్పున ఆరిపోతుంది కాబట్టి దానికి పౌడర్ సరిగ్గా పట్టదు. స్టాంపుని యాక్రిలిక్ దిమ్మకి అతికించి, ఇంకు అద్ది, తిన్నగా దించి నొక్కి, తిన్నగానే పైకి తీయాలి. చెయ్యి ఏమాత్రం ఊగినా అక్షరానికి పక్కన నీడ పడుతుంది. తడి ఉండగానే పౌడర్ ఒంపేసి, కార్డు వెనక వేలితో తట్టి, మిగిలింది మళ్లీ సీసాలో పోసుకుంటాం. అప్పటికీ అంచుల్లో వేలాడే గింజలుంటే సన్నటి పొడి బ్రష్‌తో దులుపుతాం.

తరవాతి భాగం చూడటానికి నాకు ఇప్పటికీ సరదాగానే ఉంటుంది. హీట్ గన్‌ని ముందు పక్కకి తిప్పి వేడెక్కనివ్వాలి. వేడెక్కకుండానే కార్డు మీదికి తెస్తే గాలికి పౌడర్ లేచిపోతుంది. వేడి గాలి అక్షరానికి తగిలాక కూడా కొన్ని క్షణాలు ఏమీ జరగదు. పౌడర్ మట్టిరంగులో, మందంగా అలాగే ఉంటుంది. ఉన్నట్టుండి ఒక మూల తడిసినట్టు మెరుస్తుంది. ఆ మెరుపు గీత వెంట పాకుతుంది, గన్ దాని వెంటే జరగాలి. ముందే తీసేస్తే గింజలు పూర్తిగా కరగక ఇసక కాగితంలా గరుకుగా మిగులుతాయి. కాస్త ఎక్కువసేపు ఉంచితే కరిగిన పౌడర్ కాగితంలోకి ఇంకిపోతుంది. ఉబ్బు తగ్గుతుంది, మెరుపు పోతుంది, వెనక నూనె మరకలాంటిది కనిపిస్తుంది. ఇంకా ఎక్కువైతే కార్డే వంకర తిరుగుతుంది.

ఇదంతా కంటి అంచనా. టైమర్ పెట్టుకుని చేసే పని కాదు, ఎందుకంటే వానాకాలంలో కాగితం తేమ పీల్చుకుని ఉంటుంది, ఎండాకాలంలో అదే కాగితం తీరు వేరు. కాబట్టి ఒక కార్డులో అక్షరం కొంచెం మందంగా, ఇంకోదాంట్లో కొంచెం పల్చగా రావడం సహజం. స్టాంపు వెంట్రుకవాసి వాలడం కూడా అంతే. దాన్ని మేం లోపంగా లెక్కపెట్టం. కానీ అక్షరం మధ్యలో విరిగి ఉన్నా, గోటితో గీస్తే పెచ్చు లేచినా, చుట్టూ చుక్కలు చల్లినట్టున్నా అది లోపమే. ఫోటో పంపండి, వేరేది చేసి పంపుతాం. ఎప్పటిలాగే, దానికి ఇంకేమీ అడగం.

ఇక పెద్ద ఆర్డర్ల సంగతి. మొదటి పది కార్డులకీ, వందో కార్డుకీ చెయ్యి ఒకటే కాదు. బొటనవేలి కింద నొప్పి మొదలయ్యాక నొక్కడంలో తేడా వస్తుంది, హీట్ గన్ హోరులో చూపు చెదురుతుంది. పక్కన పెట్టేయాల్సిన కార్డుల దొంతి పెరుగుతుంది. 300 జీఎస్‌ఎం కాగితం, బంగారు పౌడర్, రెండూ చెత్తబుట్టలోకి పోవడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. పైగా పెద్ద ఆర్డరు పెట్టేవాళ్లు కోరేది అన్నీ ఒకేలా ఉండాలని. అలా కోరడం న్యాయమే, కానీ చేతిపనిని అడగాల్సిన కోరిక కాదది.

ప్రెస్సులో చేసే పద్ధతిని థర్మోగ్రఫీ అంటారు. ఉబ్బెత్తు అక్షరాల విజిటింగ్ కార్డు ఎప్పుడైనా పట్టుకుని ఉంటే మీ వేలికి అది తెలిసే ఉంటుంది. కిటుకు మాదే: తడి ఇంకు మీద రెజిన్ పొడి చల్లడం, మిగిలింది తీసేయడం, వేడితో కరిగించడం. తేడా అల్లా, అక్కడ మిగిలిన పొడిని యంత్రం పీల్చేస్తుంది, కార్డు బెల్టు మీద కదులుతూ హీటర్ కిందనుంచి వెళ్తుంది. శాంపిల్స్ చేయించి చూశాను. ఉన్నమాట చెప్పాలంటే, సన్నటి అక్షరాల్లో అది మా పనికన్నా శుభ్రంగా ఉంది. తెలుగు అక్షరాల్లో ఒత్తులు, గుడులు, సున్నాలోపలి ఖాళీలు చిన్న సైజులో స్టాంపు వేస్తే పౌడర్ కరిగి పూడుకుపోతాయి. 'క్ష్మి' లాంటి అక్షరం ఉన్న పేరు వస్తే నాకు ఇప్పటికీ టెన్షనే. మెత్తటి డీటెయిల్ పౌడర్ వాడితే కొంత నయం, అయినా ఒక హద్దు ఉంటుంది. ప్రెస్సులో ఆ బాధ తక్కువ.

అయితే ఒక కార్డులో మూడు రంగుల పౌడర్ కలిపి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారినట్టు చేయడం మా బల్ల మీదే కుదురుతుంది. వాటర్ కలర్ కూడా మా చేతిదే. ఉబ్బెత్తు గీత నీటిని లోపలికి రానివ్వదు కాబట్టి రంగు గీత దగ్గర గట్టు కట్టినట్టు ఆగుతుంది. ఆ రంగులు ప్రెస్సు కార్డుల మీద కూడా మేమే వేస్తాం.

ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. మా దగ్గరున్న పూల స్టాంపుల్లో ఎక్కువ భాగం కొన్నవి. వాటి బొమ్మలు గీసినవాళ్లు వేరే. స్టాంపు కంపెనీల్లో చాలావాటికి ఏంజెల్ పాలసీ అని ఒక నియమం ఉంటుంది. ఆ స్టాంపుతో చేత్తో వేసిన కార్డుల్ని మీరు అమ్ముకోవచ్చు, కానీ ఆ బొమ్మని స్కాన్ చేసి ప్రింటు వేయకూడదు. షరతులు కంపెనీని బట్టి మారుతాయి. అందుకని మేం కొన్న స్టాంపు డిజైన్ ఏదీ ప్రెస్సుకి పంపం. "ఆ కలువ డిజైనే కావాలి, రెండు వందలు" అంటే కుదరదన్నమాట. 50 దాటితే మేం సొంతంగా గీసినవాటిలోంచే ఎంచుకోవాలి. అవి తక్కువే ఉన్నాయి, మెల్లగా పెంచుతున్నాం.

ఎలాగూ విప్పి చెబుతున్నాను కాబట్టి ఇదీ చెబుతాను. కవర్లు మేం చేయం, రెడీమేడ్. పేర్ల స్టాంపులు మేం ఫైల్ పంపితే బయట తయారై వస్తాయి. ఇంకు లేకుండా కాగితమే ఉబ్బి కనిపించే డ్రై ఎంబాసింగ్ కార్డులు ఉన్నాయి కదా, వాటికి నమూనా ఉన్న ప్లాస్టిక్ ఫోల్డర్‌లో కాగితం పెట్టి రోలర్ల మధ్య తిప్పుతాం. తిప్పేది చెయ్యే, నమూనా మాది కాదు. ప్రెస్సు కార్డుల్ని చేతిపని పేరుతో అమ్మితే ఎవరూ కనిపెట్టరని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. భూతద్దం పెట్టి చూస్తే కనిపెట్టొచ్చు, అయినా కారణం అది కాదు. అలా అమ్మడం నాకు నచ్చలేదు, అంతే. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించిన కార్డునే మొదటి వాణిజ్య క్రిస్మస్ కార్డుగా చెబుతారు. జాన్ కాల్కాట్ హార్స్‌లీ బొమ్మ గీశాడు, దాన్ని రాతి అచ్చులో ముద్రించి పైన చేత్తో రంగులు వేయించారు. అచ్చూ చెయ్యీ కలిసి పనిచేయడం ఈ వ్యాపారంలో కొత్తేం కాదు, దాచుకోవాల్సిందీ కాదు.

రెండు జాగ్రత్తలు, రెండు రకాల కార్డులకీ వర్తిస్తాయి. లోపల మీ సందేశం ప్రింటు చేసుకుందామని మా కార్డుని లేజర్ ప్రింటర్‌లో పెట్టొద్దు. దాని లోపలి రోలరు చాలా వేడిగా ఉంటుంది, ఉబ్బెత్తు అక్షరాలు కరిగి రోలరుకి అంటుకుంటాయి. కార్డు పోతుంది, ప్రింటరు రిపేరు మీ నెత్తిన పడుతుంది. దాచుకుందామని లామినేషన్ చేయించినా అదే గతి, అక్కడా వేడే. సందేశం మాకు పంపితే ఎంబాసింగ్ చేయక ముందే లోపల వేసి ఇస్తాం. లేదంటే పెన్నుతో రాయండి, నా ఓటు దానికే.

పేర్లు పంపేటప్పుడు స్పెల్లింగ్ టైప్ చేసి పంపండి, వాయిస్ మెసేజ్ వద్దు. తేదీ తప్పనిసరిగా చెప్పండి. ప్రెస్సు కార్డులకి అచ్చు ఆరాక రంగులు వేయాలి కాబట్టి చిన్న ఆర్డరు కన్నా ఎక్కువ సమయం పడుతుంది. చివరి నిమిషంలో అడిగితే ఒప్పుకోలేను.

ఇప్పటికే ఒప్పుకున్న పెద్ద ఆర్డర్లు మాత్రం అప్పుడు అనుకున్నట్టే, పూర్తిగా చేత్తోనే చేసి ఇస్తాం. ఆ ఆర్డర్లు ఇచ్చిన మీలో ఎవరైనా ప్రెస్సుకి మారాలనుకుంటే మీ కార్డుల పని మొదలుపెట్టకముందే ఒక మెసేజ్ పెట్టండి. రెండు రకాల శాంపిళ్లూ పంపుతాను, వేలితో తడిమి చూసి చెప్పండి.