ఆ కోట ఎవరిది?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో గోథిక్ కథల మీద వచ్చిన వ్యాసం చదివాను. పాడుబడ్డ కోట, ఉరుములు, మూసిన గది, కొవ్వొత్తి పట్టుకున్న అమ్మాయి, దెయ్యం అంటూ పచారీ సామాన్ల చీటీలా రాసుకుంటూ పోయారు. సరుకులన్నీ సరైనవే. ఆ కోట ఎవరిదన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు.

ఈ తరహాకు మొదటిదని చెప్పే హొరేస్ వాల్‌పోల్ నవల ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ 1764 చివర్లో వచ్చింది. అందులో పెళ్లిరోజున పేద్ద శిరస్త్రాణం ఒకటి మీద పడి పెళ్లికొడుకు చచ్చిపోతాడు. ఎందుకంటే, అతని ముత్తాత అసలు యజమానికి విషం పెట్టి కోట కాజేశాడు. అంటే ఆ దెయ్యం వచ్చింది ఆస్తి కోసం! పెద్దల పాపం పిల్లలకు తగిలిందని మన ఊళ్లలో అనుకోరూ? మనకు ఇంతకన్నా తేలిగ్గా అర్థమయ్యే కథ ఏముంటుంది?

నేను సాలిగ్రామంలో ఉంటాను. చాలాకాలం డబ్బింగ్ సినిమాలకు తెలుగు మాటలు రాశాను. దెయ్యం సినిమాల్లో అరుపులు ఒక్క టేకులో ఓకే అయిపోతాయి. గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయిన అమ్మాయి ఊపిరి దగ్గరే అందరికీ టెన్షన్. కాస్త ఎక్కువైతే థియేటర్లో నవ్వుతారు. ఇదే తరహా నవలలు రాసిన ఇంగ్లీషు రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ చనిపోయాక 1826లో అచ్చయిన ఆవిడ వ్యాసంలో ఉన్నదీ దాదాపు ఇదే: ఏం జరుగుతుందో అన్న భయం మనసును విప్పార్చుతుంది, కళ్లెదుటి ఘోరం దాన్ని గడ్డకట్టిస్తుంది. 1794 నాటి ఆవిడ నవల ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడోల్ఫో’లో నల్ల తెర తొలగించి చూసి హీరోయిన్ మూర్ఛపోతుంది. అక్కడున్నది మైనపు బొమ్మ అని ఎప్పుడో చివర్లో గానీ చెప్పరు. నాకైతే మోసం చేశారనిపించింది. కానీ అన్ని వందల పేజీలూ ఆ తెర నన్ను వదల్లేదు.

మీ హారర్ పేజీలో మొన్న వచ్చిన కథలో రెండో పేరాకే దెయ్యం దిగిపోయింది. పైగా పొగమంచు, ఇంగ్లీషు బంగళా. నెల్లూరు వైపు అన్నదమ్ముల కేసులో తాళం పడ్డ మండువా ఇళ్లు లేవా? డిసెంబరు తుపానుకు మా వీధిలో కరెంటు తీసేసిన రాత్రి, ఖాళీగా ఉన్న పైవాటాలో కుర్చీ జరిగిన చప్పుడు వినిపిస్తే చాలదా?

ఇంకోసారి కథల పోటీ పెడితే మొదటి పేజీలో దెయ్యం కనపడకూడదని షరతు పెట్టండి. ఆ ఇంటి దస్తావేజులు ఎవరి పేరున ఉన్నాయో కనీసం రచయితకైనా తెలిసి ఉండాలి.

— ఒక డబ్బింగ్ రచయిత, సాలిగ్రామం, చెన్నై