ఆ మచ్చ గురించి నీకు సగమే చెప్పాను

తల్లీ,

నిన్న ఫోన్లో నువ్వు మామూలుగా అనేసిన మాటకి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆఫీసు మెడికల్ చెకప్‌లో బీపీ 142/94 వచ్చిందని చెప్పి, "టెన్షన్ వల్లేలే అమ్మా, కొత్త ఉద్యోగం కదా" అని వేరే మాటల్లోకి వెళ్ళిపోయావు. నీ ఈడు పిల్లల్లో ఇంకెవరికైనా అది టెన్షనే అయ్యుండొచ్చు. నీ విషయంలో మాత్రం అలా అనుకుని వదిలేయకూడదు. ఎందుకు వదలకూడదో నీకు ఇన్నేళ్ళలో సరిగ్గా చెప్పలేదు, ఆ తప్పు నాదే. ఫోన్లో చెబితే మధ్యలో "సరేలే అమ్మా" అంటావు, అందుకే రాస్తున్నాను, ఆఖరి దాకా చదువు.

నీ పొత్తికడుపు మీద ఆ అడ్డగీత గురించి ఎవరైనా అడిగితే, "చిన్నప్పుడు యూరిన్ ప్రాబ్లం, ఆపరేషన్‌తో తగ్గిపోయింది" అంటావు. నేను నేర్పిన మాటే అది. అందులో సగమే నిజం.

నీకు పది నెలలప్పుడు మొదలయ్యాయి ఆ జ్వరాలు. జలుబు లేదు, దగ్గు లేదు, ఒళ్ళు పెనంలా కాలిపోయేది, వణికేదానివి, పాలు తాగితే కక్కేసేదానివి. వైరల్ అన్నారు, నేనూ సరేననుకున్నాను. పళ్ళు వస్తున్నాయి కదా అని కూడా అనుకున్నాను. అలా మూడు సార్లు. నాలుగోసారి వేరే డాక్టర్ దగ్గరికి వెళితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "యూరిన్ టెస్ట్ ఎప్పుడైనా చేయించారా?" అని. లేదు. ఒక్కసారి కూడా లేదు. పసిపిల్లలకి కారణం తెలియని జ్వరం వస్తే మూత్రం పరీక్ష చేయించాలని అప్పుడు నాకు తెలియదు. మూత్రంలో క్రిములున్నాయేమో పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఈ.కోలి అనే బ్యాక్టీరియా వచ్చింది.

తర్వాత ఎంసీయూజీ అని ఒక ఎక్స్‌రే తీశారు. సన్న గొట్టంతో మూత్రాశయంలోకి మందు నింపి, బిడ్డ మూత్రం పోసేటప్పుడు ఫోటోలు తీస్తారు. నువ్వు నా చూపుడు వేలు పిడికిట్లో బిగించి ఏడుస్తున్నావు, ఆ సీసం ఏప్రాన్ బరువుకి నా భుజాలు లాగేస్తున్నాయి, నేను స్క్రీన్ వైపే చూస్తున్నాను. కిందికి పోవాల్సింది పైకి పాకింది తల్లీ. ఎడమ వైపు, మెలికలు తిరుగుతూ, కిడ్నీ లోపలి దాకా. ఇలా మూత్రం వెనక్కి పోవడాన్ని రిఫ్లక్స్ అంటారు, నీది గ్రేడ్ 4 అన్నారు, మొత్తం ఐదు గ్రేడ్లలో.

ఎందుకలా పోతుందంటే, కిడ్నీ నుంచి వచ్చే నాళం మూత్రాశయం గోడలోకి నిటారుగా గుచ్చుకోదు, ఏటవాలుగా కొంత దూరం గోడలోనే నడిచి లోపలికి తెరుచుకుంటుంది. మూత్రాశయం నిండినా, బిగుసుకున్నా ఆ ఒత్తిడికి నాళం నొక్కుకుపోయి దారి మూసుకుంటుంది. నీకు పుట్టుకతోనే ఆ గోడలో నడక పొట్టిగా ఉంది, అందుకే మూత్రం వెనక్కి ఎగదన్నేది. చాలామంది పిల్లలకి, ముఖ్యంగా తక్కువ గ్రేడ్ అయితే, పెరిగే కొద్దీ దానంతటదే సర్దుకుంటుంది. నీకు సర్దుకోలేదు, అందుకే ఆరేళ్ళప్పుడు నాళాన్ని విడదీసి గోడలో పొడుగ్గా సొరంగం చేసి మళ్ళీ అమర్చారు.

ఆ లోగా ప్రతి రాత్రీ నీకు తాగించిన యాంటీబయాటిక్ సిరప్ గురించి నువ్వొకసారి అడిగావు గుర్తుందా, అది దండగేనట కదా అని. 2014లో అమెరికాలో 607 మంది పిల్లల మీద చేసిన రివర్ అనే అధ్యయనం సంగతి నేనూ చదివాను. ఆ మందుతో ఇన్ఫెక్షన్లు మళ్ళీ రావడం సగానికి తగ్గింది, కానీ రెండేళ్ళలో కిడ్నీ మీద మచ్చలు మాత్రం తగ్గలేదు. నా మట్టుకు నాకు, నువ్వు వణకకుండా పడుకున్న ప్రతి రాత్రీ దండగ కాదు.

ఇప్పుడు నేను దాచిన సగం. వెనక్కి వెళ్ళిన మూత్రంతో పాటు క్రిములు కూడా కిడ్నీలోకి చేరి వాపు వస్తే, అది మానాక అక్కడ మచ్చ మిగలొచ్చు. నీకు మిగిలింది. కిడ్నీ మీద మచ్చలు, ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో చూపించే డీఎంఎస్ఏ స్కాన్‌లో నీ కుడి కిడ్నీ నిండు చిక్కుడు గింజలా ఉంది, ఎడమది చిన్నగా, పైభాగాన ఎవరో కొరికినట్టు ఉంది. మొత్తం పనిలో ఎడమ దాని వాటా 31 శాతం. ఆపరేషన్ దారి సరిచేసింది, మచ్చని తీసేయలేదు, దాన్ని తీసేయగలిగేది ఏదీ లేదు కూడా. డాక్టర్ అప్పుడే చెప్పారు, ఏటా బీపీ, యూరిన్‌లో ప్రొటీన్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తుండాలని. నీ పదో తరగతి దాకా చేయించాను. అన్నీ బాగుంటున్నాయని, నిన్ను జబ్బుమనిషిలా పెంచకూడదని, నేనే మానేశాను. అయిపోయిందనుకోవాలని నాకంత ఆశగా ఉండేది.

మచ్చపడ్డ కిడ్నీ బీపీ పెంచగలదు. ఆ బీపీ మళ్ళీ మిగిలిన మంచి భాగాన్ని అరగదీస్తుంది. కిడ్నీలో చెడిపోయిన వడపోతల పని కూడా మంచివే మోస్తాయి, మోసి మోసి కొన్నేళ్ళకి అవీ ప్రొటీన్ కార్చడం మొదలుపెడతాయి. నొప్పి ఉండదు, ఏమీ తెలియదు. అందుకే నువ్వు "నాకేం లేదు, బాగానే ఉన్నాను" అంటే నాకు ధైర్యం రావడం లేదు. అలాగని భయపడిపోకు, తొందరగా పట్టుకుంటే బీపీని అదుపులో పెట్టే మందులున్నాయి, వాటిలో కొన్ని ప్రొటీన్ పోవడాన్ని కూడా తగ్గిస్తాయి.

తలనొప్పికి వేసుకుంటున్నానన్నావే, ఐబుప్రోఫెన్, అది ఇవాళ్టి నుంచి ఆపేయి. డైక్లోఫెనాక్ కూడా వద్దు. మీటింగుల్లో గంటలు గంటలు మూత్రం ఆపుకోకు. రేపు పెళ్ళయ్యాక గర్భం అనుకుంటే ముందే కిడ్నీ డాక్టర్‌కి చెప్పాలి, ఎందుకంటే బీపీ ఎక్కువయ్యే ప్రమాదం ఉంటుంది, ఆ బీపీ మందుల్లో కొన్ని అప్పుడు వాడకూడదు. నీకు పుట్టే బిడ్డకి కూడా ఇది వచ్చే అవకాశం మామూలు కన్నా ఎక్కువ. ఈ మాట నీకు చెప్పకుండా ఎన్నిసార్లు మింగానో నాకే తెలుసు.

బీపీ మిషన్ కొరియర్‌లో పంపాను. ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చుని, పొద్దునా సాయంత్రం రెండేసి సార్లు చూసుకుని రాసిపెట్టు. కిడ్నీ డాక్టర్ అపాయింట్‌మెంట్ శనివారానికి తీసుకో, శుక్రవారం రాత్రికల్లా నేను వస్తాను. పాత ఫైలు, డీఎంఎస్ఏ ఫిల్ము నా సంచిలోనే ఉన్నాయి. శనివారం లేవగానే మొదటిసారి వచ్చే యూరిన్ పారబోయకు, శాంపిల్‌కి అదే కావాలంటారు. డబ్బా నేను తెస్తాను.

మీ అమ్మ