పాట విన్న వీడియో

ఒరేయ్ నేస్తం,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. జవాబు ఆలస్యం చేశానని అనుకోకు, రోజూ రాత్రి కూర్చుని నీ మాటకి సమాధానం వెతుకుతూనే ఉన్నాను. "మంచి పాటకి వీడియో అక్కర్లేదు, చెడ్డ పాటని వీడియో కాపాడలేదు, మరి నీకెందుకురా ఈ పాప్ వీడియోల పిచ్చి?" అని రాశావు. కోపం రాలేదు గానీ ఒప్పుకోబుద్ధి కాలేదు. అందులో సగం నిజం ఉంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. తీరిగ్గా చదువు.

ముందు ఆ సగం నిజం సంగతి. చాలా వీడియోలు పాటకి బరువే. వాన అన్న మాట వినపడగానే తెర మీద వాన కురుస్తుంది. గుండె పగిలిందంటే అద్దం పగులుతుంది. ఎవరో పాటని కాగితం మీద చదివి, ముఖ్యమైన మాటల కింద గీతలు గీసి, ఒక్కో గీతకి ఒక్కో షాట్ తీసినట్టుంటుంది. వాళ్ళు పాటని చదివారు, వినలేదు. ఇంకొన్నిట్లో కార్లు, పడవలు, మెరిసే బట్టలు తప్ప ఇంకేం ఉండవు. ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు చూడు, ఆ హంగు కింద పాట నలిగిపోతుంది. ఇక్కడిదాకా నేను నీ పక్షమే.

కానీ పాటని విన్న వీడియోలు కూడా ఉన్నాయిరా. అవి దొరికినప్పుడు కలిగే ఆనందం నీకు చెప్పకుండా ఉండలేను. వాటిని పట్టుకోవడానికి నేనేం చేస్తానో చెప్తాను. మొదట కళ్ళు మూసుకుని పాట వింటాను. తర్వాత వీడియోని మ్యూట్‌లో పెట్టి చూస్తాను. ఆ తర్వాతే రెండూ కలిపి. మ్యూట్‌లో చూస్తున్నప్పుడు పాట లయ వేళ్ళకి తెలిసిపోతే ఆ వీడియోలో ఏదో ఉన్నట్టే. ఇంకా అనుమానంగా ఉంటే అదే వేగంతో సాగే వేరే పాట పెట్టి చూస్తాను. అది కూడా అతికినట్టు సరిపోయిందంటే ఆ వీడియో ఈ పాటది కాదు, ఏ పాటదైనా కావచ్చు.

యంత్రాల మీద సంగీతం చేసిన ఫ్రెంచి జంట డాఫ్ట్ పంక్ వాళ్ళ 'అరౌండ్ ద వరల్డ్' సంగతే చూడు. 1997 నాటిది. ఉన్న మాటలు మూడే, ఆల్బమ్‌లోని పాటలో అవే 144 సార్లు వస్తాయి. సాహిత్యం చదివి వీడియో తీసేవాళ్ళకి ఇక్కడ చేతికేమీ దొరకదు. మిషెల్ గోండ్రీ అనే ఫ్రెంచి దర్శకుడు ఆ మాటల జోలికే పోలేదు. ఒక్కో ధ్వనికి ఒక్కో గుంపుని నిలబెట్టాడు. రికార్డులా గుండ్రంగా ఉన్న వేదిక, దాని వెనక మెట్లు. చిన్న తలలు, పొడుగు ఒళ్ళున్న ఆటగాళ్ళు ఆ మెట్లెక్కి దిగుతుంటారు, వాళ్ళే కిందిస్థాయిలో మోగే బేస్. ఈత డ్రెస్సుల్లో ఉన్న అమ్మాయిలు పైస్థాయిలో మోగే కీబోర్డు. అస్థిపంజరాలు గిటారు, కట్లు కట్టుకున్న మమ్మీలు డ్రమ్ మెషీన్, గుండ్రంగా తిరిగే రోబోలు ఆ మూడు మాటలు పాడే యంత్రపు గొంతు. ఒక ధ్వని ఆగితే ఆ గుంపు ఆగుతుంది, మళ్ళీ మొదలైతే కదులుతుంది.

ఇది చూడకముందు ఆ పాట నాకు ఒకే ముద్దలా వినిపించేది. బావుందనుకునేవాణ్ణి, అంతే. చూశాక బేస్ ఎక్కడ మెట్టెక్కుతోందో, ఎక్కడ దిగుతోందో విడిగా వినపడడం మొదలైంది. ఇప్పుడు కళ్ళు మూసుకుని విన్నా వినపడుతుంది. మంచి పాటకి వీడియో అక్కర్లేదన్నావే, నా చెవికి మాత్రం అక్కరకొచ్చింది. పాటలో అప్పటికే ఉన్నదాన్నే అది నాకు చూపించింది. కొత్తగా ఏమీ అతికించలేదు.

అదే గోండ్రీ 2002లో కెమికల్ బ్రదర్స్ పాట 'స్టార్ గిటార్'కి తీసిన వీడియో ఇంకా సాదాగా ఉంటుంది. రైలు కిటికీలోంచి కనిపించే దృశ్యం. పాడేవాళ్ళు లేరు, ఆడేవాళ్ళు లేరు, కథ లేదు. మొదటి అర నిమిషం ఎవరో ప్రయాణంలో ఊరికే తీసుకున్న వీడియో అనుకుంటావు. ఆ తర్వాత మెల్లగా వెన్ను నిటారవుతుంది. డ్రమ్ము మోగినప్పుడల్లా ఒకే రకం కట్టడం కిటికీ దాటుతోంది! ఇంకో ధ్వనికి ఇంకో వస్తువు. పాటలో ధ్వనులు పెరిగేకొద్దీ పట్టాల పక్క దృశ్యం చిక్కబడుతుంది. ఫ్రాన్స్‌లో నీమ్, వాలాన్స్ మధ్య అదే ప్రయాణాన్ని పగటి వెలుగు మారుతుంటే పదిసార్లు చిత్రీకరించాడట. ఏ ధ్వనికి ఏ వస్తువు రావాలో ముందే గ్రాఫ్ కాగితం మీద గుర్తు పెట్టుకున్నాడు. నారింజ పళ్ళు, ఫోర్కులు, పుస్తకాలు, బూట్లు వరసగా పేర్చి నమూనా కూడా చేసుకున్నాడు. ఆ కాగితం నా గోడకి ఉంటే ఎంత బావుణ్ణో! సంగీతాన్ని స్వరాల్లో రాసుకున్నట్టే ఆయన వస్తువుల్లో రాసుకున్నాడు.

ఇది చదివి నువ్వు అనబోయేది నాకు తెలుసు. "ఇవి యంత్రాల సంగీతం రా, లెక్క ప్రకారం నడుస్తాయి కాబట్టి లెక్క ప్రకారం వీడియో తీయొచ్చు. మనిషి ఏడుస్తూ పాడితే ఏం చేస్తావ్?" అంటావు. అప్పుడు నేను అమెరికా గాయకుడు జానీ క్యాష్ పాడిన 'హర్ట్' పేరు చెప్తాను.

ఆ పాట ఆయనది కాదు. నైన్ ఇంచ్ నెయిల్స్ అనే తన రాక్ బృందం కోసం ట్రెంట్ రెజ్నర్ రాసుకున్న పాట, 1994 ఆల్బమ్‌లోది. తనని తాను గాయపరచుకునే ఒక యువకుడి గొంతు అది. క్యాష్ దాన్ని డెబ్భై ఏళ్ళ వయసులో పాడాడు. వీడియో తీసిన మార్క్ రొమానెక్ గాయం చూపించలేదు, సూది చూపించలేదు. ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన పేరు మీదున్న మ్యూజియం మూతపడి పాడైపోయి ఉంటే దాన్ని చూపించాడు. మధ్యమధ్యలో ఆయన పడుచుతనపు పాత ఫిల్ము ముక్కలు. భార్య జూన్ మెట్ల మీద నిలబడి ఆయన్ని చూస్తూ ఉంటుంది. ఆ చూపు గురించి ఎన్నిసార్లు రాయబోయినా నాకు మాటలు చాలలేదు. చివర్లో ఆయన పియానో మూత వేసి, దాని మీద చేతులు ఆనిస్తాడు. అది 2003. ఆ ఏడాది మే నెలలో జూన్, సెప్టెంబర్‌లో ఆయన చనిపోయారు.

పాటలో మ్యూజియం మాటే లేదు. పెళ్ళాం ప్రస్తావనా లేదు. అయినా ఆ పాటకి అంతకన్నా సరిపోయే వీడియో ఊహించలేను. పాటలో ఉన్న "నేనేమైపోయాను" అన్న బాధ మాత్రం తీసుకుని, దాన్ని వేరే వయసులోకి మోసుకెళ్ళింది. ఆ వీడియో చూశాక రెజ్నరే ఇక ఆ పాట తనది కాదనిపించిందని చెప్పుకున్నాడు. రాసినవాడి చేతుల్లోంచి పాటని తీసుకుని ఇంకొకరికి ఇవ్వగలిగిన వీడియోని అక్కర్లేనిదని ఎలా అంటాం, చెప్పు?

ఇక నీ రెండో మాట. చెడ్డ పాటని వీడియో కాపాడలేదు, నిజమే. కానీ ఎవరూ పట్టించుకోని మంచి పాటలు ఉంటాయి కదా. ఆ-హా బృందం 'టేక్ ఆన్ మి' 1984లో మొదటిసారి వచ్చినప్పుడు దానికీ ఒక వీడియో ఉంది, నీలం తెర ముందు బృందం పాడుతుంటుంది. పాట నిలవలేదు. తర్వాత పాటని మళ్ళీ రికార్డు చేశారు, స్టీవ్ బారన్ కొత్త వీడియో తీశాడు. తీసిన ఫిల్ము మీద సుమారు 3000 ఫ్రేములు పెన్సిల్‌తో గీశారు, 16 వారాలు పట్టింది. 1985 అక్టోబర్‌లో ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఆ ఘనతంతా వీడియోదే అనను, పాట కూడా మెరుగుపడింది కాబట్టి. కానీ నాకు నచ్చేది వేరే విషయం. పల్లవిలో గొంతు కిందినుంచి బయల్దేరి అందనంత ఎత్తుకి పాకుతుంది, విను. వీడియో చివర్లో, పెన్సిల్ బొమ్మల కథలోంచి వచ్చిన కుర్రాడు మనిషిగా మారాలని గోడ నుంచి గోడకి తనని తాను బాదుకుంటాడు. సగం గీతలు, సగం ఒళ్ళు. గొంతు పడే యాతనే ఒళ్ళూ పడుతుంది. ఇంకోటి గమనించావా, చేత్తో గీసిన ఆ గీతలు ఒక్క క్షణం కూడా నిలకడగా ఉండవు. ప్రతి ఫ్రేమూ విడిగా గీశారు కాబట్టి అవి వణుకుతూనే ఉంటాయి. ఆ కీబోర్డు తొందరకి ఆ వణుకు ఎంత బాగా కుదిరిందో!

మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' గురించి మనం కొట్టుకున్నది గుర్తుందా? 1983లో జాన్ లాండిస్ తీశాడు, దాదాపు 14 నిమిషాలు. 2009లో అమెరికా వాళ్ళు జాతీయ చలనచిత్ర భాండాగారంలో చేర్చిన మొదటి మ్యూజిక్ వీడియో అదే. నువ్వు దానికి నూటికి నూరు వేశావు. డ్యాన్సుకైతే నేనూ వేస్తాను. కానీ పాట పరంగా ఆలోచించు. ఆరు నిమిషాల పాటని విప్పేశారు. చరణాలన్నీ వీధిలో నడుస్తూ వరసగా పాడించేసి, పల్లవిని డ్యాన్సు అయ్యేదాకా దాచిపెట్టారు. పాటలో పల్లవి మళ్ళీ మళ్ళీ వచ్చి భయాన్ని సరదాగా మారుస్తుంటుంది, అది పోయింది. అది గొప్ప చిన్న సినిమా. పాట అందులో నటించింది. ఈ విషయంలో నేను ఇంకా మెత్తబడలేదు.

భాష రాని పాటల విషయానికొస్తే, వీడియో విలువ ఇంకా పెరుగుతుంది. సై అనే కొరియా గాయకుడి 'గాంగ్నమ్ స్టైల్' 2012 జులైలో వచ్చి, అదే ఏడాది డిసెంబర్ 21న యూట్యూబ్‌లో వంద కోట్ల వీక్షణలు దాటిన మొదటి వీడియో అయింది. కొరియన్ ఒక్క ముక్క రాదు మనకి. కానీ మొదట్లో ఆయన దర్జాగా బీచ్‌లో పడుకున్నట్టు కనిపిస్తాడు, కెమెరా జరిగితే అది పిల్లలు ఆడుకునే స్థలం. సోల్‌లోని సంపన్నుల పేట గాంగ్నమ్ డాబుసరిని ఆ పాట ఆటపట్టిస్తోందని ఒక్క మాట అర్థం కాకుండానే మనకి తెలిసిపోయింది. ఆ గుర్రం స్టెప్పు అందరూ నేర్చుకున్నారు, ఈ సంగతి మాత్రం ఎక్కువమంది మాట్లాడుకోలేదు.

ఓకే గో వాళ్ళ ట్రెడ్‌మిల్లుల వీడియో నువ్వు పంపావుగా, 2006ది. ఎనిమిది ట్రెడ్‌మిల్లుల మీద నలుగురు, ఒకే టేకు. నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ మురిసిపోయాను. కానీ పాట మార్చి పెడితే పెద్దగా ఏమీ పోలేదు. మరుసటి రోజు రాగం గుర్తు చేసుకుందామంటే ట్రెడ్‌మిల్లులే గుర్తొచ్చాయి.

ఒక చోట మాత్రం నా లెక్క తప్పింది, అది నీకు చెప్పాలి. మాటని యథాతథంగా చూపిస్తే వీడియో పాడవుతుందని పైన రాశాను కదా. కోల్డ్‌ప్లే బృందం 'ద సైంటిస్ట్' దానికి అడ్డం తిరిగింది. మొదటికి తిరిగి వెళ్ళాలని పాట బతిమాలుతుంది, వీడియో అక్షరాలా వెనక్కి నడుస్తుంది. 2002లో జేమీ థ్రేవ్స్ తీసింది. వెనక్కి తిప్పినప్పుడు పెదవులు పాటకి కలవాలని ఆ బృందం గాయకుడు క్రిస్ మార్టిన్ పాటంతా తిరగేసి పాడడం నేర్చుకున్నాడు. ఇది కూడా సాహిత్యం చదివి తీసిందే కదా, మరి ఎందుకు గుండె పట్టేస్తుంది? రెండు రోజులు ఆలోచించాను. అయినవాళ్ళని పోగొట్టుకున్నవాడి మనసు నడిచేది కూడా అలాగేరా. ఆ రోజు అక్కడికి వెళ్ళకపోతే, ఆ ముందు రోజు బయల్దేరకపోతే అని ఒక్కో అడుగూ వెనక్కే. అందుకే చివర్లో కారు ప్రమాదం మన ముందుకొచ్చేసరికి, అది మొదలని తెలిసి కూడా ఆపలేకపోతాం. నువ్వైతే దీనికి వేరే కారణం చెప్తావేమో, రాయి.

రేడియోహెడ్ 'నో సర్‌ప్రైజెస్' గురించి పేజీలు రాయాలనుంది గానీ ఇప్పుడు ఒక్క ముక్కే. హెల్మెట్‌లో పాడేవాడి మొహం, అందులో నీళ్ళు నిండడం, అంతే వీడియో. నీళ్ళలో ఉండాల్సిన భాగం పాటని వేగంగా నడిపి తీసి, తర్వాత నెమ్మది చేశారట, లేకపోతే అంతసేపు ఊపిరి బిగబట్టడం కష్టం. జోలపాటలా మోగే ఆ పాటలో ఎంత ఊపిరాడనితనం ఉందో అది చూసేదాకా నాకు తెలియలేదు.

ఇప్పుడు నీకొక పని. 'స్టార్ గిటార్'ని ముందు మ్యూట్‌లో చూడు, నేను ఇంత చెప్పాక ఆశ్చర్యం కాస్త తగ్గుతుందేమో గానీ ఫర్వాలేదు. ఏ వస్తువు ఏ ధ్వని అయ్యుంటుందో కాగితం మీద రాసుకో. ఆ తర్వాతే శబ్దం పెట్టు. నేను రాసుకున్న కాగితం ఈ కవర్లోనే ఉంది, మడిచి అంటించాను. నీది పూర్తయ్యేదాకా విప్పకు. ఎన్ని కలిశాయో, ముఖ్యంగా ఎక్కడ కలవలేదో నాకు రాయి.

నీ
నేస్తం