మూగ వీడియోలో తేలిన నాణెం

ఖమ్మం,
ఆదివారం

ప్రియమైన నేస్తానికి,

దసరాకు నువ్వు రాసిన ఉత్తరానికి సంక్రాంతి వెళ్ళాక జవాబు రాస్తున్నందుకు ముందుగా నన్ను క్షమించు. అమ్మ ఆరోగ్యం కుదుటపడింది, తమ్ముడు డిగ్రీలో చేరాడు, నా బీఎడ్ ఇంటర్న్‌షిప్ 20 వారాల్లో ఇంక నాలుగే మిగిలాయి. మిగతా కబుర్లు తరువాత రాస్తాను, ఎందుకంటే పండుగ సెలవులకు ముందు మా బడిలో ఒక సంగతి జరిగింది, అది నీకు చెప్పేవరకూ నాకు నిద్ర పట్టేలా లేదు.

"మంచి మాస్టారు చెప్పిన పాఠం ఫోనులోనే దొరుకుతుంటే రేపు నువ్వు బడికి వెళ్ళి కొత్తగా చెప్పేది ఏముంటుంది?" అని అడిగావు కదా. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. 2020లో సిగ్నలు కోసం చింతచెట్టెక్కి పాఠాలు విన్న మనిద్దరికీ ఆన్‌లైన్ చదువు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. ఆ సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరిలోనూ రాష్ట్ర ప్రభుత్వ చదువుల ఛానెల్ టీ-శాట్‌లోనూ బడి పాఠాలు మొదలైనప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న తమ్ముడు టీవీ ముందు పుస్తకం పట్టుకుని కూర్చునేవాడు. ఆ పాఠాలే లేకపోతే వాడికి ఆ ఏడాది చదువే లేదు, కాబట్టి వాటిని తక్కువ చేసి మాట్లాడడం నావల్ల కాదు. అయితే వాడికి అర్థమైందో లేదో అడిగే మనిషి ఆ గదిలో లేడన్న సంగతి అప్పట్లో నాకు తట్టనే లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. పదో తరగతికి కాంతి వక్రీభవనం, అంటే నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగడం వంటిది, చెప్పాలి. పాఠం వీడియోగా ముందే పంపి, తరగతి సమయాన్ని చర్చకు వాడుకునే పద్ధతిలో ఒక పీరియడ్ ప్లాన్ రాయమని బీఎడ్‌లో మాకు బోధనా పద్ధతులు నేర్పే మెథడాలజీ సారు చెప్పారు. నేను ఎంతో ఇష్టంగా తయారుచేశాను. స్టీలు గిన్నెలో రూపాయి నాణెం వేసి, గిన్నె అంచు అడ్డొచ్చి నాణెం కనిపించనంత దూరంలో ఫోను నిలబెట్టి, మెల్లగా నీళ్ళు పోశాను. నీళ్ళు పెరిగేకొద్దీ నాణెం కనిపించసాగింది. నాణెం అడుగునే ఉందని, దాని నుంచి వచ్చే కాంతి కిరణం నీటిని దాటి గాలిలోకి వచ్చేటప్పుడు లంబానికి (నీటి మట్టానికి నిటారుగా ఊహించుకునే గీతకు) దూరంగా వంగి మన కంటిని చేరుతోందని వెనకనుంచి నా గొంతుతో వివరించి, ఆ రాత్రే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

మర్నాడు 31 మందిలో 19 మంది చూశామన్నారు. అందరి నోటుపుస్తకాలూ తిరగేస్తుంటే కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి చక్కగా గీసిన బొమ్మ కనిపించింది. నాణెం గిన్నె అడుగున లేదు, నీటి మధ్యలో ఉంది. కింద గుండ్రని అక్షరాలతో "నీళ్ళు పోస్తే నాణెం తేలుతుంది" అని రాసి ఉంది. నాకు గుండె జారినంత పనైంది. మెల్లగా అడిగితే తెలిసింది, వాళ్ళింట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రితోపాటు పొలానికి వెళ్ళి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరుతుంది, దాని స్పీకరు ఎప్పుడో పోయింది. ఆ పిల్ల నా వీడియోను శబ్దం లేకుండా నాలుగుసార్లు చూసింది. కళ్ళకు కనిపించినదాన్ని బట్టి తానే ఆలోచించి, ఎంతో శ్రద్ధగా, ఒక తప్పును నేర్చుకుంది.

"తేలలేదమ్మా" అని నేను చెబితే వెంటనే "అవును మేడమ్" అంది. ఆ "అవును"కు నేను భయపడ్డాను, ఎందుకంటే అది నామీద గౌరవంతో అన్నదే తప్ప నమ్మి అన్నది కాదు. ప్లాన్ పక్కన పెట్టేసి, మధ్యాహ్న భోజనం వండే అక్కలను పాత్ర అడిగితే వాళ్ళు ఒక ఎర్ర టబ్బు ఇచ్చారు. నాణెం తేలిందని నాకు చూపించమని ఆ అమ్మాయినే అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, నాణేన్ని వేలితో అడుగుకు గట్టిగా నొక్కిపట్టి, తల దించి, నాణెం అంచు చాటుకు పోయాక నీళ్ళు పోయమని స్నేహితురాలికి చెప్పింది. నీళ్ళు పెరిగాయి, నాణెం కనిపించింది. వేలు మాత్రం అడుగునే ఉంది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఆ పిల్ల, "మేడమ్, నాణెమే కాదు, నా వేలు కూడా పైకి వచ్చినట్టు కనిపిస్తోంది" అంది. ఆ వెంటనే, "మరి మా చెరువు కూడా అంతేనా?" అంది.

నా కళ్ళు చెమర్చాయి. కాంతి ఎంత వంగుతుందో చెప్పే సంఖ్య, అంటే వక్రీభవన గుణకం, నీటికి 1.33 అని, అందువల్ల నాలుగు అడుగుల లోతు పైనుంచి చూస్తే మూడు అడుగులుగానే కనిపిస్తుందని అప్పుడు బోర్డు మీద రాస్తే, ఒక్కరూ కిటికీలోంచి బయటకు చూడలేదు.

నీ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. సందేహం ఉన్నవాళ్ళు ఎక్కడినుంచైనా అడగగలరు. మా పిన్ని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేసింది, నీకు తెలుసు. 1982లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. పిన్ని వారమంతా ఇంట్లో చదువుకుని, అర్థంకాని చోటల్లా పెన్సిలుతో గీత పెట్టుకుని, ఆదివారం బస్సెక్కి తరగతికి వెళ్ళేది. ఈ రోజు బ్లెండెడ్ అంటున్న, కొంత ఇంట్లో కొంత తరగతిలో సాగే చదువు మన ఇళ్ళలోకి అప్పుడే వచ్చింది. అయితే పిన్ని పెద్దది, గీత ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలుసు. ఈ పిల్లకు సందేహమే లేదు. నాణెం తేలిందని గట్టి నమ్మకం ఉంది, నమ్మకం ఉన్నవాళ్ళు ప్రశ్న అడగరు. వీడియో కింద ఎన్ని ప్రశ్నల పెట్టెలు పెట్టినా ఆమె తప్పు మనకు తెలిసేది కాదు.

అందుకే రేపు నాకు ఉద్యోగం వస్తే ఈ క్రమాన్ని తిరగేస్తాను. కొత్త విషయం ముందు తరగతిలో చేతులతో చేయిస్తాను, వీడియో ఆ తరువాత, మళ్ళీ చూసుకోవడానికి. మాటలన్నీ తెర మీద అక్షరాల్లో కూడా వేస్తాను. మా తరగతిలో ఒక అబ్బాయి అమ్మానాన్నలతో మిరపకాయలు ఏరడానికి వెళ్ళి పదిరోజులు బడికి రాలేదు, తిరిగి వచ్చాక అదే వీడియోను మూడుసార్లు చూసి అందరితో కలిశాడు. వాడికి ఆ వీడియో చేసిన మేలు నేను చేయలేకపోయేదాన్ని. ఇదంతా సారుకు చెబితే, పద్ధతిలో ముందు వీడియోనే ఉందన్నారు, కాని నా రికార్డులో ఆ అమ్మాయి బొమ్మను అతికించమని కూడా ఆయనే అన్నారు. దాన్ని గురించి ఇంకా చాలా…

తమ్ముడు ఊరికి బయలుదేరుతున్నాడు, ఈ ఉత్తరం వాడి చేతికే ఇవ్వాలి. రేపు ఆ అమ్మాయి వాళ్ళ చెరువు లోతు కొలిచిన కర్ర తెస్తానంది, నాన్న తోడు లేకుండా నీళ్ళ దగ్గరికి వెళ్ళవద్దని ఒట్టు వేయించుకున్నాను. ఎంత వచ్చిందో వచ్చే ఉత్తరంలో

నీ నేస్తం