బుజ్జికి ఉత్తరం: నేటలీ నంబర్ వన్!

కార్డిఫ్, వేల్స్,
నవంబర్ 2017

ఒసేయ్ బుజ్జీ,

ముందే తిట్టకు. నీ ఉత్తరం దసరాకే వచ్చింది, జవాబు ఇప్పుడు రాస్తున్నాను. వరసగా నైట్ డ్యూటీలు, దాని మీద చంటాడికి జలుబు. ఇప్పుడు తగ్గిందిలే. ఆయన ఆఫీసులో ఏదో కొత్త ప్రాజెక్టు, అత్తయ్యగారు సంక్రాంతి తర్వాత వస్తారట. ఇంటి కబుర్లు ఇంతే.

అసలు సంగతి వేరే ఉంది, కడుపు ఉబ్బిపోతోంది చెప్పకపోతే. నేటలీ పవెల్ నంబర్ వన్ అయిందే! జూడోలో, 78 కిలోల విభాగంలో, ప్రపంచం మొత్తం మీద! కిందటి నెల ర్యాంకింగుల్లో పేరు పైన కనపడగానే వంటింట్లోంచి గట్టిగా అరిచాను. ఈ ర్యాంకింగులు పెట్టినప్పటి నుంచి బ్రిటన్ ఆడపిల్లల్లో ఒక్కరు కూడా ఆ మెట్టు ఎక్కలేదు. ఎక్కింది లండన్ అమ్మాయి కాదు, మాంచెస్టర్ అమ్మాయి కాదు. బ్రిటన్‌లోనే ఓ మూలనున్న మా వేల్స్ పిల్ల. "మా" అంటున్నానని నవ్వుకో, ఇన్నేళ్లు ఇక్కడి నీళ్లు తాగాక ఆమాత్రం హక్కుంటుంది.

ఆ అమ్మాయిది బ్యూలా అనే చిన్న పల్లెటూరు. మధ్య వేల్స్‌లో, పొవిస్ జిల్లాలో. అటువైపు కారులో వెళితే ఎంతసేపూ కొండలు, గొర్రెలు, సన్నటి రోడ్లు. పక్కనున్న బిల్త్ వెల్స్ ఊళ్లో ఇర్వన్ జూడో క్లబ్ అని ఒకటుంది, ఆట మొదలుపెట్టింది అక్కడే. నీ జూడో క్లాసు గురించి రాశావే, "ఈ ఊళ్లో జూడో ఎవరికి కావాలే, పిల్లలు పదిమంది కూడా రావట్లేదు" అని? అది చదివిన దగ్గర్నుంచీ నాకు బిల్త్ వెల్సే గుర్తొస్తోంది.

2014 గ్లాస్గో కామన్వెల్త్ ఫైనల్ నీకు చెప్పానా? ఫోన్లో సగమే చెప్పినట్టున్నాను, నీ చార్జింగ్ అయిపోయింది. ఎదురుగా ఉన్నది జెమా గిబ్బన్స్. లండన్ ఒలింపిక్స్‌లో వెండి గెలిచిన మనిషి, ఇంగ్లండ్ అమ్మాయి. మన నేటలీకి అప్పటికి 23 ఏళ్లు. ఆ టెన్షన్‌కి నేను సోఫాలో కూర్చోలేకపోయాను. చూసేవాళ్లకి అందులో ఏమీ జరగనట్టే ఉంటుంది కదా? ఒకరు చొక్కా అంచు దొరకబుచ్చుకుంటారు, రెండోవాళ్లు విదిలించేస్తారు, మళ్లీ చెయ్యి చాస్తారు. వేళ్ల కీళ్లకి తెల్ల టేపు, మోచేతి దగ్గర బట్ట గుప్పిట్లో నలిగిపోతుంటుంది. ఆ పట్టు కోసం పెనుగులాటలోనే సగం ఆట అయిపోతుందని మనకి తెలుసు. ఎప్పుడూ "ఇంకోసారి!" అనే మన జూడో సార్ ఉండి ఉంటే ఏమనేవారో నీకు చెప్పక్కర్లేదు! చివరికి గెలిచింది నేటలీ. బంగారం! వేల్స్ ఎర్ర డ్రాగన్ జెండా పైకి వెళుతుంటే, ఇంగ్లండ్ పాట కాకుండా వేల్స్ వాళ్ల సొంత గీతం వినిపిస్తుంటే, నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

నీకు ఇంకోటి చెప్పాలి. అదే గ్లాస్గోలో మన మణిపూర్ పిల్ల సుశీలా లిక్మాబామ్ 48 కిలోల్లో వెండి తెచ్చింది, స్కాట్లాండ్ అమ్మాయి కింబర్లీ రెనిక్స్ చేతిలో ఫైనల్ పోయింది. కల్పనా దేవికి 52 కిలోల్లో కంచు. మన పేపర్లలో ఎక్కడో మూల వేసి ఉంటారు. ఆ కోపం నాకింకా... సరే, అది మొదలుపెడితే ఈ ఉత్తరం తెమలదు.

ఒలింపిక్స్‌కి వెళితే డ్రాగన్ జెండా ఉండదు, బ్రిటన్ జట్టే. రియోకి నేటలీ అలాగే వెళ్లింది, ఒలింపిక్ జూడోలో ఆడిన మొదటి వేల్స్ మహిళ. క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చి పతకం లేకుండా తిరిగొచ్చింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. మన పిల్ల మళ్లీ లేస్తుందా అని బెంగ పెట్టుకున్నాను. లేచింది! ఈ ఏడాది బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో కంచు. ఆ తర్వాత నెలా రెండు నెలల్లోనే ఈ మొదటి ర్యాంకు.

అదేదో ఒక్కరోజు కలిసొస్తే దొరికేది కూడా కాదే. గ్రాండ్ ప్రీ, గ్రాండ్ స్లామ్, ప్రపంచ పోటీలు అన్నీ తిరిగి పాయింట్లు పోగేసుకోవాలి. ఏడాది దాటిందంటే ఆ పాయింట్లు సగానికి పడిపోతాయి, రెండేళ్లకి మాయమైపోతాయి. అంటే నిరుడు గెలిచిన దాని మీద ఈ ఏడాది కూర్చోవడానికి లేదు. మళ్లీ బరువు చూపించాలి, మళ్లీ మ్యాట్ ఎక్కాలి.

ఇంత సంతోషంలోనూ ఒకటి గుచ్చుకుంటోంది. వచ్చే ఏడాది గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్‌లో జూడో లేదు! ఈ ఆట అక్కడ ఎప్పుడూ ఇంతే. 1990లో పెట్టారు, మళ్లీ 2002లో, మళ్లీ 2014లో. ఆతిథ్యమిచ్చే దేశానికి ఇష్టమైతే ఉంటుంది, లేకపోతే లేదు. ప్రపంచంలో నంబర్ వన్ అయ్యాక, సొంత జెండా కింద తన బంగారాన్ని నిలబెట్టుకునే చోటు ఆ పిల్లకి లేకుండా పోయింది. ఇది అన్యాయం కాదూ? నాకైతే ఒళ్లు మండుతోంది.

బుజ్జీ, నువ్వు క్లాసు మూసేస్తానని రాశావు చూడు, ఆ మాట మళ్లీ రాయకు. మ్యాట్లు చిరిగితే కుట్టిద్దాం, డబ్బు సంగతి నేను చూస్తాను, ఆయనతో మాట్లాడాను కూడా. నీ దగ్గరికొచ్చే ఆ పొడుగు జడ పిల్ల, ఉకెమి, అదే దెబ్బ తగలకుండా పడటం, చేయడానికి భయపడేదన్నావే, దానికి నేటలీ సంగతి నా మాటగా చెప్పు. ఫొటో ప్రింటు తీయించి ఈ ఉత్తరంతో పెడుతున్నాను, గోడకి అంటించు, నీ బీరువాలో దాచుకోకు. పరీక్షలయ్యాక వాళ్లని జిల్లా పోటీలకి తీసుకెళ్తే ఎలా ఉంటుందంటావ్? నా దగ్గర ఒక ఆలోచన

చంటాడు లేచాడే, ఏడుస్తున్నాడు. డ్యూటీ టైము కూడా అయిపోతోంది. జిల్లా పోటీల సంగతి వెంటనే రాయి.

నీ
గున్న